గట్టు కింద ఊరుంది

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల్లో రైతులు పొద్దున్నే చెరువు గట్టెక్కుతారు. ఒక వానాకాలం అలాంటి గట్టు మీద నేనూ నడిచాను. ఎత్తు రెండు నిలువులకు మించదు. లోపలివైపు రాతి పేర్పు సగం జారిపోయింది. గట్టు నెత్తిన తాటిచెట్లు, తుమ్మ తుప్పలు. బయటి వాలు అడుగున, మదుముకు కాస్త పక్కగా, గడ్డి మిగతా చోట్ల కన్నా పచ్చగా ఉంది. అక్కడ అడుగు వేస్తే మడమ దాకా దిగబడింది. వెంట వచ్చిన పెద్దాయన వంగి, సన్నని ధారగా వస్తున్న ఊటనీటిని దోసిట పట్టి చూశాడు. "తేటగానే వస్తంది బాబూ. గట్టుకేటీ భయం లేదు. ఎర్రగా వచ్చిందంటే మాత్రం లోపల మన్ను తినేస్తన్నట్టే" అన్నాడు.

ఇంజినీర్లు పుస్తకాల్లో చదువుకునేదే ఆయన చెప్పాడు. మట్టికట్టలోంచి కాస్త ఊట రావడం సహజం. ఆ నీరు తేటగా ఉన్నంతకాలం కట్ట తన మట్టిని తాను పట్టుకుని ఉన్నట్టే. నీరు బురదగా మారిందంటే లోపల సన్నని దారి ఏర్పడి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. ఆ దారి పెరిగి బుంగ పడుతుంది. బుంగ గండిగా మారడానికి ఒక్కోసారి కొన్ని గంటలు చాలు. ఆ గట్టు దిగి నాలుగు మళ్లు దాటితే ఇళ్లు మొదలవుతాయి.

ఆ రోజు ఆ గట్టుకు జరిగిన భద్రతా పరీక్ష ఆ దోసెడు నీళ్లే. ఆ తీర్పును ఎవరూ ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. పెద్ద ఆనకట్టలకు చట్టం ఉంది, తనిఖీ ఉంది, వాటికోసం ఒక జాతీయ సంస్థే ఉంది. చిన్న గట్టుకు కూడా ఒక అపాయ స్థాయి, ఒక ఆరోగ్య స్థాయి నిర్ణయించి, కింద ఉన్న ఊరికి తెలిసేలా రాయాలి. ఆ లెక్కలో గట్టు ఎత్తు కన్నా గట్టు కింద నిద్రపోయే మనుషులు ముందు రావాలి.

చట్టం గీసిన గీత

1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛూ-2 ఆనకట్ట మట్టికట్టలు తెగి మోర్బీ పట్టణాన్ని వరద ముంచెత్తింది. అంతటి విపత్తు తర్వాత కూడా దేశానికి ఆనకట్టల భద్రతా చట్టం రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన ఆ చట్టం అదే ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. జాతీయ ఆనకట్టల భద్రతా ప్రాధికార సంస్థ ఏర్పడింది. ప్రతి రాష్ట్రంలో ఒక భద్రతా సంస్థ ఉండాలని, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు జరగాలని, ఆపద వస్తే ఎవరు ఏం చేయాలో చెప్పే అత్యవసర ప్రణాళిక ఉండాలని చట్టం నిర్దేశించింది. చట్టం కింద ఇచ్చిన ఆదేశాలను పాటించడానికి నిరాకరిస్తే జైలుశిక్ష కూడా పెట్టింది.

ఇది మంచి చట్టం. అయితే దీని బరువంతా ఒక గీతకు పైన ఉన్న ఆనకట్టల మీదే ఉంది. ఎత్తు 15 మీటర్లు దాటితే అది చట్టం లెక్కలోకి వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడమో, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గకపోవడమో, అలాంటి మరో షరతో తీరాలి. దేశంలో ఇలాంటివి 6 వేలకు పైగా ఉన్నాయి. మన వైపు వెంగళరాయ సాగరం, ఆండ్ర, తాటిపూడి లాంటి జలాశయాలు పెద్ద ఆనకట్టల జాబితాలోవే. 10 మీటర్లకు లోబడిన ఊరి చెరువులు, బందలు, తోటల్లో కట్టుకున్న సొంత కుంటలు, చేపల చెరువులు, రిసార్టుల్లో పడవ షికారుకు నిలిపిన నీళ్లు గీతకు కింద ఉండిపోయాయి.

చట్టం వీటిని పూర్తిగా వదిలేయలేదన్నది నిజమే. చిన్న ఆనకట్టల యజమానులూ భద్రతకు అవసరమైన చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. ఏ చర్యలు, ఎప్పుడు, ఎవరు చూడాలి అన్నది మాత్రం ఊరి దాకా చేరలేదు. ఎవరూ అడగని బాధ్యత వాన పడ్డ రోజుదాకా ఎవరికీ గుర్తురాదు.

ఒక్క మార్కు చాలదు

చిన్న కట్టల లెక్క రాయడంలో అమెరికా అనుభవం చూడదగ్గది. అక్కడి జాతీయ ఆనకట్టల పట్టికలో 90 వేలకు పైగా కట్టలున్నాయి. వాటిలో సగానికి పైగా ప్రైవేటు వ్యక్తులవి, సంస్థలవి. చేపలు పట్టుకోవడానికి, ఈతకు, పడవ షికారుకు, ఇళ్ల వెనక అందంగా నీళ్లు కనిపించడానికి కట్టుకున్న మట్టికట్టలే వాటిలో ఎన్నో.

ఆ పట్టికలో ప్రతి కట్టకూ రెండు వేరువేరు విషయాలు రాస్తారు. మొదటిది అపాయ స్థాయి. కట్ట తెగితే ప్రాణాలు పోయే అవకాశం ఉంటే ఎక్కువ అపాయం, ఆస్తి నష్టమే అయితే మధ్యస్థం, పొలంలో నీళ్లు పారి ఊరుకుంటే తక్కువ. రెండోది కట్ట ఆరోగ్యం: సంతృప్తికరం, ఫర్వాలేదు, బాగోలేదు, ఏమాత్రం పనికిరాదు. ఈ రెంటినీ కలగాపులగం చేయకూడదు. ఎక్కువ అపాయం అని రాసినంత మాత్రాన ఆ కట్ట బలహీనమని కాదు, దాని కింద మనుషులున్నారని. గట్టిగా ఉన్న కట్ట కింద కాలనీ వెలిస్తే ఆరోగ్యం మారకుండానే అపాయ స్థాయి పెరుగుతుంది. ఆరోగ్యం చెడిన కట్ట కింద ఇళ్లుంటే మరమ్మతుల వరసలో అదే ముందుండాలి.

అమెరికా ఈ పాఠాన్ని మనుషుల్ని పోగొట్టుకుని నేర్చుకుంది. జార్జియా రాష్ట్రం టొకోవాలో ఒక బైబిల్ కళాశాలకు ఎగువన కెల్లీ బార్న్స్ అనే మట్టికట్ట ఉండేది. ఒకప్పుడు కరెంటు కోసం కట్టినది, ఆ అవసరం తీరాక వినోదానికి ఉపయోగపడే సరస్సుగా మిగిలింది. 1977 నవంబరు 6న అర్ధరాత్రి దాటాక అది తెగి, నిద్రలో ఉన్న 39 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ మరుసటి ఏడాదే జార్జియా ఆనకట్టల భద్రతా చట్టం తెచ్చుకుంది. ఈరోజు అదే రాష్ట్రంలో, అట్లాంటా శివార్లలోని ఆల్ఫరెట్టా, కమ్మింగ్ ప్రాంతాల్లో మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఇళ్లు కొనుక్కుని ఉంటున్నారు. ఎగువన ఉన్న కట్ట అపాయ స్థాయి ఏమిటో వాళ్లు జాతీయ పట్టిక తెరిచి చూసుకోవచ్చు. బొబ్బిలి పక్క పల్లెలో ఉంటున్న వాళ్ల అమ్మానాన్నలకు ఆ వీలు లేదు.

చేపల కోసం కట్టిన జల్లెడ

వినోదం కోసం నిలిపిన నీళ్లు ఎంత పని చేయగలవో చెప్పడానికి 1889 నాటి జాన్స్‌టౌన్ చాలు. పెన్సిల్వేనియాలో కాలువకు నీళ్లివ్వడానికి కట్టిన సౌత్ ఫోర్క్ మట్టికట్ట చేతులు మారి చివరికి ఒక సంపన్నుల క్లబ్బుకు దక్కింది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ అందులో సభ్యులు. కట్ట ఎత్తు 72 అడుగులు. అడుగున నీళ్లు వదిలే ఇనుప గొట్టాలను అప్పటికే పాత యజమాని ఊడబీకి అమ్ముకున్నాడు. గుర్రపు బళ్లు ఎదురుబదురుగా పోవడానికి క్లబ్బు కట్ట నెత్తిని తగ్గించి వెడల్పు చేసింది. సరస్సులో వదిలిన చేపలు పారిపోకుండా మిగులు నీళ్లు పోయే దారికి అడ్డంగా జల్లెడలు బిగించింది. మే 31న కుండపోత వానకు కొట్టుకొచ్చిన కొమ్మలు, చెత్త ఆ జల్లెడలను పూడ్చేశాయి. నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి. 14 మైళ్ల దిగువనున్న పట్టణంలో 2,209 మంది చనిపోయారు. కోర్టుల్లో క్లబ్బు మీద బాధ్యత నిలబడలేదు.

దూరదేశపు పాత కథే అయినా మన అలుగుల దగ్గర నిలబడితే ఇది కళ్లముందే కనిపిస్తుంది. చెరువును చేపల పెంపకానికి పాడుకున్నవారు అలుగుకు అడ్డంగా వల కడతారు. వలకు గుర్రపుడెక్క, తుప్పలు, తాటాకులు పట్టుకుంటాయి. ఇంకో రెండు జానల నీరు నిలిస్తే రెండో పంట గట్టెక్కుతుందని రైతులు అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. అలుగు నుంచి గెడ్డకు పోయే వాగు పూడి పొలంలో కలిసిపోతుంది. ఎవరూ చెడు తలపెట్టి చేసే పనులు కావివి. చేపల మీద బతికేవాడికి చేప ముఖ్యం, వరి మీద బతికేవాడికి నీరు ముఖ్యం. మట్టికట్టకు మాత్రం తన మీదుగా నీళ్లు పొర్లడాన్ని మించిన గండం లేదు. రాతి కట్ట కాసేపు తట్టుకుంటుంది. మట్టికట్ట మీదుగా పొర్లిన నీరు బయటి వాలును కింది నుంచి కోసుకుంటూ పైకి వస్తుంది. లోకంలో మట్టికట్టలు తెగిన ఉదంతాల్లో పొర్లు, ఊట ఈ రెండే పెద్ద కారణాలు. పొర్లకుండా కాపాడేది అలుగు. అది మూసుకుపోయిందంటే గట్టు ఎంత బలంగా ఉన్నా లాభం లేదు.

మన నేల మీద జరిగినవి

2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి వంద మందికి పైగా మరణించారు. భారీ వానకు ఎగువ చెరువులకు గండ్లు పడి, విరుచుకుపడ్డ వరద చిన్న రైలు వంతెనను ఊడ్చేసింది. 2019 జూలై 2 రాత్రి మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తివరే అనే చిన్న మట్టి ఆనకట్ట తెగి దిగువ ఇళ్లు కొట్టుకుపోయాయి. లీకేజీ ఉందని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు, పీతల బొరియలే కారణమని ఆ రాష్ట్ర మంత్రి అన్నారు. పీతలు గట్టును తొలిచే మాట నిజమే. ఆ బొరియలను వెతికి పూడ్చడానికే తనిఖీ ఉండాలి.

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛ జలాశయం కట్ట తెగి ఆ నీరూ దీని మీదే పడింది. ఒక గేటు పనిచేయలేదు. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అది పెద్ద ప్రాజెక్టే. కానీ ఒక కట్ట తెగితే కింది కట్ట ఎలా తెగుతుందో అది చూపించింది. ఉత్తరాంధ్రలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్న చోట్ల ఇదే భయం. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రానికి దగ్గర. కొండ మీద పడ్డ వాన గెడ్డల్లోంచి గంటల్లో మైదానానికి దిగుతుంది. వేగావతి, సువర్ణముఖి, నాగావళి పరివాహకంలో ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుపాన్లు ఈ తీరాన్నే తాకాయి. మొదటి చెరువు గట్టు తెగితే దాని నీరు రెండో చెరువుకు వానను మించిన వరద అవుతుంది. విడివిడిగా చూస్తే చిన్నవైన పది చెరువులు కలిస్తే ఒక పెద్ద ఆనకట్టే.

2024 జూలై 18న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గుమ్మడవల్లి దగ్గరి పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో. రాష్ట్రం విడిపోయాక మరమ్మతుల ఖర్చు ఎవరు పెట్టాలన్నది తేలకుండానే ఏళ్లు గడిచాయి. వరద మాత్రం ఏలూరు జిల్లా పల్లెల మీదుగా పోయింది.

ఈ చివరి ఉదంతం దగ్గర 650 ఏళ్ల నాటి ఒక శాసనం గుర్తుకొస్తుంది. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలో ఉన్నాయి. జలశాస్త్రం తెలిసినవాడు కావాలి, గట్టి బంకనేల కావాలి, పని తెలిసిన కూలీలు కావాలి అంటుంది. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం. మరొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం! చెరువుకు మార్కులు వేసే పద్ధతి మనం ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కర్లేదు, మన పెద్దలు రాతి మీద చెక్కించి పెట్టినదే. ఇద్దరి మధ్య పడ్డ చెరువు పాడవుతుందని వాళ్లకు తెలుసు. ఈ మాట ఒక్క సరిహద్దుకే కాదు. రెండు శాఖల మధ్య, పంచాయతీకీ నీటి సంఘానికీ మధ్య, చేపల సొసైటీకీ ఆయకట్టు రైతుకూ మధ్య పడ్డ ప్రతి గట్టుకూ చెల్లుతుంది.

యజమాని ఎవరు?

బొబ్బిలి ప్రాంతంలో ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. బొబ్బిలి, సాలూరు, కురుపాం సంస్థానాల కాలంలో చెరువులు ఎస్టేటువి. గట్టు తెగితే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో రైతుకు తెలుసు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత అవి ప్రభుత్వానికి వచ్చాయి. 100 ఎకరాల లోపు ఆయకట్టువి పంచాయతీరాజ్ చేతిలో, అంతకు పైవి నీటిపారుదల శాఖ చేతిలో ఉండేవి. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. యజమానులు ఇలా మారుతూ వచ్చినా గట్టుకు ఒక ఆరోగ్య పుస్తకం మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు కొత్త యజమానులు వచ్చారు. రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు, పెద్ద తోటలు, నీళ్లు కనిపించే లేఅవుట్లు. కొండ దిగువ వాలులో పొక్లెయిన్‌తో నాలుగు రోజుల్లో గట్టు లేపితే నీళ్లు నిలుస్తాయి. ఆ మట్టిని పొరలు పొరలుగా పోసి రోలరుతో తొక్కించారా, మధ్యలో బంకమట్టి గోడ ఉందా, అలుగు ఎంత వెడల్పు అన్నది అడిగేవారు లేరు. తన భూమిలో కుంట తవ్వుకోవడం యజమాని హక్కు. కానీ నేలమట్టానికి పైన నీళ్లు నిలిపినవాడు కింది వాళ్లకు జవాబుదారీ కావాలి. అతని హక్కు అతని సరిహద్దు రాయి దగ్గర ఆగుతుంది, అతని నీళ్లు ఆగవు.

రైలు పట్టాకు ఉన్న రక్షణ

గట్టును దాని కింద ఉన్నవాటిని బట్టి చూడడానికి నమూనా మన దేశంలోనే ఉంది. పట్టాలకు ముప్పు తేగల చెరువులకు రైల్వే శాఖ విడిగా రిజిస్టరు పెడుతుంది. వానాకాలానికి ముందు రాష్ట్ర ఇంజినీర్లతో కలిసి వాటిని తనిఖీ చేయాలన్నది నిబంధన. అక్కడ గట్టు 15 మీటర్లా, 5 మీటర్లా అన్న ప్రశ్న లేదు. తెగితే నీళ్లు పట్టాల మీదికి వస్తాయా అన్నదే ప్రశ్న. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే లైనులో ఉన్న బొబ్బిలి జంక్షన్‌కు ఈ పద్ధతి కొత్త కాదు. ఆ రిజిస్టరు ఉండగానే వలిగొండ జరిగింది. కాబట్టి రాసుకోవడంతో పని అయిపోదు, రాసుకున్నదాని మీద కదలాలి. అయినా అడగాల్సిన ప్రశ్న రైల్వేకు తెలుసు. పట్టాల కోసం అడిగే ఆ ప్రశ్నను పక్కనే ఉన్న ఎస్సీ కాలనీ కోసం, గిరిజన గూడెం కోసం, బడి కోసం అడగలేమా?

చేయాల్సినవి నాలుగు. ఒకటి, ప్రతి మండలంలో చెరువులు, ప్రైవేటు కుంటలు అన్నిటికీ రెండు మార్కులు వేయాలి: కింద ఎవరున్నారు, గట్టు ఎలా ఉంది. ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక సహాయ ఇంజినీరు, ఒక గ్రామ సచివాలయ ఉద్యోగి, ఊరిలో గట్టు తెలిసిన ఒక పెద్ద కలిసి మే నెలలో గట్టంతా నడవాలి. ఊట తేటగా ఉందా, బొరియలున్నాయా, చెట్ల వేళ్లు ఎక్కడిదాకా పోయాయి, మదుము తలుపు లేస్తోందా, అలుగు ఖాళీగా ఉందా చూసి రాయాలి. రెండు, ఆ మార్కులు, అలుగు మట్టం, ఫోన్ చేయాల్సిన నంబరు గట్టు మీద బోర్డుగా పెట్టాలి. మూడు, ఎక్కువ అపాయం ఉన్న గట్టు కింద ఏ ఇళ్లు ముందు ఖాళీ చేయాలో, ఏ మెరక మీదికి వెళ్లాలో ముందే తేల్చి ఒకసారి సాధన చేయించాలి. నాలుగు, వినోదానికో వ్యాపారానికో నీళ్లు నిలిపిన ప్రైవేటు యజమాని ఇంజినీరు ధ్రువపత్రం, ఏటా తనిఖీ, నష్టపరిహార బీమా చూపిస్తేనే అనుమతి ఇవ్వాలి.

అభ్యంతరాలు వస్తాయి. అపాయం అని బోర్డు పెడితే జనం బెదిరిపోతారని, భూముల ధర పడిపోతుందని అంటారు. అధికారులు భయంతో నీటిమట్టం తగ్గించేస్తే రెండో పంట పోతుందని రైతు దిగులుపడతాడు. ఈ చివరి దిగులు న్యాయమైనది, దాన్ని గౌరవించాలి. మరమ్మతు మానేసి నీళ్లు వదిలేయడం భద్రత కాదు. గట్టు బాగుంటేనే చెరువు నిండా నీళ్లు నిలుస్తాయి. ఆరోగ్యం చెడిన గట్టుకు ముందు డబ్బు వచ్చేలా ఈ మార్కులను వాడితే రైతే వాటిని అడిగి వేయించుకుంటాడు.

ఆ రోజు పెద్దాయన దోసిటి నీళ్లు వదిలేసి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని ఇంటిదారి పట్టాడు. ఆయన కళ్లు చూసినంతకాలం ఆ గట్టుకు ఒక కాపలా ఉంటుంది. ఆయన పిల్లలు విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. తేటనీటికీ ఎర్రనీటికీ తేడా చెప్పే మనిషి ఊళ్లో లేని రోజు వచ్చేలోపు ఆయనకు తెలిసినదాన్ని గట్టు పుస్తకంలో మొదటి వరుసగా రాసుకోవాలి. వచ్చే మే నెలలోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.